వాంగ్మూలం కాని కథ

యిల్మాజ్ గునే సినిమా 'యోల్' గురించి మా బస్తీలో ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే: "అతను నిజంగానే చంపాడా?" అబ్దుల్ వాహిద్ షేక్ గురించి చెప్పినా దాదాపు అదే ప్రశ్న: "చివరికి బేగునా అని తేలిందా, లేదా?" తేలిందనగానే ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాతే కథ వింటారు. పోలీసోడు అడగాల్సిన ప్రశ్న, జడ్జి అడగాల్సిన ప్రశ్న మనవాళ్ళ నోటి నుంచి ఎందుకొస్తోంది? జైలుకెళ్ళొచ్చిన ముస్లిం తన కథ చెప్పుకోవాలంటే ముందు నిర్దోషినని రుజువు చేసుకోవాలన్న షరతు ఎవరు పెట్టారు? ఆ షరతు మన కథల్ని ఏం చేసిందో ఇక్కడ మాట్లాడదలుచుకున్నాను.

వాహిద్ ముంబైలో స్కూలు టీచరు. 2006 జూలై 11న లోకల్ రైళ్ళలో జరిగిన పేలుళ్ళలో 180 మందికి పైగా చనిపోయారు. ఆ కేసులో విచారణ ఎదుర్కొన్న 13 మందిలో అతనొకడు. తొమ్మిదేళ్ళు జైల్లో ఉంచాక 2015 సెప్టెంబరులో ప్రత్యేక కోర్టు అతనొక్కణ్ణే వదిలింది. మిగతా 12 మందికీ శిక్ష పడింది. అయిదుగురికి ఉరి. జైల్లో ఉర్దూలో రాసుకున్నది 'బేగునాహ్ ఖైదీ' పుస్తకమైంది. 2022లో సుదర్శన్ గామరే అతని కథను 'హీమోలింఫ్' అనే హిందీ సినిమాగా తీశాడు. హీమోలింఫ్ అంటే పురుగుల ఒంట్లో ఉండే ద్రవం. మన నెత్తురులా ఎర్రగా ఉండదు. కాబట్టి కారినా ఎవరికీ నెత్తురు కారినట్టు అనిపించదు. సినిమాకి పేరు సరిగ్గా పెట్టారు.

ఈ పుస్తకం కంటే, సినిమా కంటే ముందే ఆ ఖైదీల పేరు మీద ఇంకో రాత పుట్టింది. అది ఒప్పుకోలు పత్రం. మామూలు చట్టం కింద పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. టాడాలో చెల్లింది, పోటాలో చెల్లింది, మహారాష్ట్ర మకోకాలో చెల్లుతుంది. ఈ కేసులో 11 మంది ఒప్పుకోళ్ళు రికార్డయ్యాయి. సంతకం పెట్టని వాళ్ళలో వాహిద్ ఒకడు. అట్లాంటి పత్రంలో 'నేను' అనే మనిషి మాట్లాడుతుంటాడు. నా పేరు ఇది, నా ఊరు ఇది, ఫలానా వాణ్ణి కలిశాను, ఫలానా పని చేశాను అంటాడు. చూడ్డానికి ఆత్మకథే! 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులని తేలుస్తూ, ఆ ఒప్పుకోళ్ళలో కొన్ని భాగాలు ఒకదాన్ని చూసి ఒకటి దించినట్టున్నాయని, వాటిని నమ్మలేమని చెప్పింది. వేరు వేరు తల్లుల బిడ్డలకి ఒకే ఆత్మకథ! అప్పటికి 19 ఏళ్ళు గడిచిపోయాయి. వాళ్ళలో ఒకాయన 2021లో కరోనాతో జైల్లో ఉండగానే పోయాడు. ఆ తీర్పును వేరే కేసుల్లో ఉదాహరణగా వాడుకోకూడదని సుప్రీంకోర్టు మూడు రోజులకే స్టే ఇచ్చింది. విడుదలైన వాళ్ళను మాత్రం మళ్ళీ జైలుకి పంపలేదు.

జైలుకెళ్ళిన మనవాళ్ళు కలం పట్టుకునే సరికే వాళ్ళ కథ ఒకటి రాసేసి ఉంటుంది. తర్వాత వాళ్ళు ఏం రాసినా దానికి జవాబుగానే రాయాల్సి వస్తుంది. వాహిద్ పుస్తకం అట్లా పుట్టిందే. ఎట్లా కొట్టారు, సాక్ష్యాలు ఎట్లా అల్లారు, ఏ కాగితం మీద ఏం రాయించారు, ఒక్కొక్కటీ విప్పి చెబుతాడు. సినిమాలోనూ ఎక్కువ సేపు మనం చూసేది లాకప్పు, కోర్టు, జైలు. ఇది తప్పని నేననను. తోటివాళ్ళ మెడ మీద ఉరితాడు వేలాడుతుంటే బయటపడ్డవాడు బ్యారక్‌లో చెప్పుకున్న జోకులు రాస్తూ కూర్చుంటాడా? ఆ పుస్తకం వాళ్ళ కేసులో ఒక భాగం. దాన్ని ముందు ఆ గౌరవంతో చదవాలి.

అయితే విమర్శకుడిగా ఒక మాట అనక తప్పదు. 'హీమోలింఫ్' చూసి వచ్చాక వాహిద్‌ని ఏం చేశారో నాకు తెలిసింది. వాహిద్ ఎట్లాంటి మనిషో అంతగా తెలియలేదు. తెర మీది వాహిద్ మంచి టీచరు, మంచి భర్త, మంచి కొడుకు. కోపం వచ్చినా అది న్యాయమైన కోపమే. అతను ఎవరి మీదా అసూయ పడడు, ఎవరినీ అనరాని మాట అనడు. పడితే కేసు ఎక్కడ బలహీనపడుతుందోనన్నట్టు సినిమా అతన్ని కాచుకుంటూ పోతుంది. అతని చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఏడుస్తారు, ఎదురు చూస్తారు. ఆ తొమ్మిదేళ్ళు వాళ్ళకి ఇంకేమీ ఆలోచన రాలేదా? మొగుడి మీద, అత్తింటి మీద, బస్తీ మీద వాళ్ళకి కోపం రాలేదా? నిర్దోషి కథలో దానికి చోటు లేదు.

ఈ షరతు హైదరాబాదుకి కొత్తేమీ కాదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో 5 మంది చనిపోయారు. ఆ తర్వాత పాతబస్తీ యువకుల్ని పట్టుకెళ్ళి హింసించారు. కేసులు కోర్టులో నిలబడలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుమారు 70 మందికి నష్టపరిహారం ప్రకటించింది. దాంతో పాటు 2012లో నడవడిక బాగుందంటూ సర్టిఫికెట్లు చేతికిచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. ఆ సర్టిఫికెట్ గురించి ఆలోచించండి. ఒక యువకుణ్ణి తలకిందులుగా వేలాడదీసిన రాజ్యమే అతను మంచివాడని రాసిస్తుంది! అతను దాన్ని ఉద్యోగానికి పోయినచోట, ఇల్లు అద్దెకడిగినచోట చూపించాలి. మన జైలు కథలు కూడా తెలియకుండానే అట్లాంటి సర్టిఫికెట్లు అవుతున్నాయేమోనని నా భయం.

ఒకప్పుడు ఇట్లా లేదు. 1942 నుంచి అహ్మద్‌నగర్ కోటలో బందీగా ఉన్న మౌలానా ఆజాద్ అక్కడ రాసిన ఉత్తరాలు 1946లో 'గుబారె ఖాతిర్'గా వచ్చాయి. అందులో ఆయన ఏం రాశాడు? తెల్లవారుజామున తాను కాచుకునే చైనా టీ గురించి రాశాడు. గదిలోకి దూరి గూళ్ళు కట్టిన పిచ్చుకలతో చేసిన యుద్ధం గురించి, తర్వాత కుదిరిన స్నేహం గురించి రాశాడు. 1943లో భార్య జులేఖా చనిపోతే తన నిబ్బరం లోపల ఏం జరిగిందో రాశాడు. తాను నిర్దోషినని ఎక్కడా నిరూపించుకోడు. బ్రిటిష్ వాళ్ళ మీద నేరం చేశాననడమే ఆ రోజుల్లో గౌరవం. టీ గురించి రాసుకునే స్వేచ్ఛ అప్పటి ముస్లిం ఖైదీకి ఉంది. ఆ స్వేచ్ఛ మన తరానికి వచ్చేసరికి పోయింది. ఇవాళ మన పిల్లవాడు జైలు నుంచి టీ గురించి రాస్తే, ఆ మాట ఏ బాంబుకి గుర్తో చెప్పమంటారు.

ఇక యిల్మాజ్ గునే. తుర్కియేలో కుర్దు కుటుంబంలో 1937లో పుట్టాడు. జనం 'అందవికారపు రాజు' అని ముద్దుగా పిలుచుకున్న సినిమా హీరో. 1974లో సినిమా షూటింగ్‌కి వెళ్ళినచోట గొడవలో ఒక జడ్జి తుపాకి దెబ్బకి చనిపోయాడు. కాల్చింది గునేనని కోర్టు 19 ఏళ్ళ శిక్ష వేసింది. జైల్లో కూర్చుని స్క్రిప్టులు రాశాడు. ఏ షాటు ఎట్లా తీయాలో రాసి పంపితే బయట స్నేహితులు తీశారు. 'సురూ' (1978) జెకీ ఓక్తెన్ అట్లా తీసిందే. 1980 సెప్టెంబరులో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక 'యోల్' రాశాడు. షెరీఫ్ గోరెన్ దాన్ని తీశాడు. 1981లో గునే సెలవు మీద బయటికొచ్చి తిరిగి జైలుకి వెళ్ళలేదు. దేశం దాటిపోయి, నెగెటివ్ తెప్పించుకుని ఎడిటింగ్ చేశాడు. 1982లో కాన్ ఉత్సవంలో ఆ సినిమాకి అత్యున్నత బహుమతి వచ్చింది, కోస్టా గవ్రాస్ 'మిస్సింగ్'తో కలిపి. తుర్కియేలో మాత్రం 1999 దాకా నిషేధమే. అప్పటికి గునే లేడు. 1984లో పారిస్‌లో చనిపోయాడు.

'యోల్' అంటే దారి. అయిదుగురు ఖైదీలు సెలవు మీద ఊళ్ళకి బయల్దేరతారు. వాళ్ళేం నేరం చేశారన్నది సినిమాకి ముఖ్యం కాదు. నిర్దోషులని ఎవరూ వాదించరు. యూసుఫ్ పంజరంలో పిట్టని పెట్టుకుని భార్య కోసం తీసుకెళుతూ కాగితాలు పోగొట్టుకుని సైనికులకి దొరికిపోతాడు. ఒమర్ ఊరు చేరేసరికి తెర మీద 'కుర్దిస్తాన్' అన్న అక్షరాలు పడతాయి. ఆ పేరు ఎత్తడమే నేరమైన రోజులవి. అక్కడ సైన్యం కాల్పుల్లో అన్న పోతాడు. అన్న శవాన్ని తెలుసునని చెప్పడానికి కూడా ఊళ్ళో భయం.

ఇంతవరకు మనకి కావాల్సిన సినిమాయే. రాజ్యం దుర్మార్గం, మైనారిటీ దుఃఖం. గునే అక్కడ ఆగలేదు. సయ్యిద్ అలీ ఇంటికి వెళ్ళేసరికి భార్య జీనేని ఆమె పుట్టింటివాళ్ళు పశువుల కొట్టంలో గొలుసుతో కట్టేసి ఉంచారు. పరువు తీసిందని నెలల తరబడి రొట్టె, నీళ్ళు మాత్రమే. మొగుడొచ్చి చంపుతాడని అందరూ ఎదురు చూస్తుంటారు. అతను చంపలేడు, క్షమించనూ లేడు. పల్చటి బట్టల్లో ఉన్న ఆమెని మంచుకొండ మీదుగా నడిపిస్తాడు. ఆమె గడ్డకట్టి పడిపోయాక బతికించాలని బెల్టుతో కొడతాడు, వీపు మీద మోస్తాడు. ఆమె బతకదు. జైలు నుంచి సెలవు మీద వచ్చినవాడు ఇంకొకరికి జైలరుగా మారిపోయాడు.

తన జాతి పేరు తెర మీద రాసిన సినిమాలోనే తన జాతి మగవాళ్ళ క్రూరత్వాన్ని కూడా చూపించాడు గునే. శత్రువు దీన్ని వాడుకుంటాడేమో అని దాచలేదు. మనం దాస్తాం. బురఖా గురించి, తలాక్ గురించి మన అక్కచెల్లెళ్ళు రాస్తే "ఇది సమయం కాదు" అన్నవాళ్ళం మనమే. ఆ భయానికి కారణం ఉంది, కాదనను. మన మాటని మన మీదికే తిప్పికొట్టేవాళ్ళు ప్రతి టీవీలోనూ కూర్చుని ఉన్నారు. కానీ దాచి దాచి మనం మిగుల్చుకున్నదేంటి? మచ్చలేని ముస్లిం బొమ్మ ఒకటి. ఆ బొమ్మని కొట్టినా నెత్తురు రాదు, ఎందుకంటే అందులో మనిషి లేడు.

గునేని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. అతనికి హీరోగా పేరుంది, డబ్బుంది, చెప్పింది చేసి పెట్టే మిత్రులున్నారు. మన పిల్లల ములాఖత్‌కి రైలు టికెట్టుకే అప్పు చేయాలి. అతని తుపాకీకి ఒక ఇంట్లో తండ్రి పోయాడో, కొడుకు పోయాడో, ఆ ఇంటి దుఃఖం 'యోల్'తో తీరదు. జీనే కథ కూడా చివరికి మొగుడి కళ్ళలోంచే చూస్తాం. ఆమె మాట్లాడేది తక్కువ. గునే దగ్గర నేను నేర్చుకుంటున్నది ఒక్కటే: దోషి అయినా, నిర్దోషి అయినా మనిషికి కథ చెప్పే హక్కు ఉంటుంది. ఆ హక్కు కోర్టు ఇచ్చేది కాదు, కోర్టు తీసేసుకునేదీ కాదు.

మన కథలు ఇంతవరకు ఎక్కువగా వేరేవాళ్ళే తీశారు. టాడా కింద తీహార్ జైల్లో ఉండి, అక్కడే చదువుకుని, తర్వాత వకీలై ఇట్లాంటి కేసులే వాదించిన షాహిద్ ఆజ్మీని 2010 ఫిబ్రవరి 11న కాల్చి చంపేశారు. తన కథ తాను చెప్పుకునే లోపే పోయాడు. 2012లో హన్సల్ మెహతా 'షాహిద్' తీశాడు. సానుభూతి ఉన్న దర్శకులకి మనం రుణపడి ఉన్నాం. కానీ సానుభూతికి కూడా మంచి ముస్లిమే కావాలి.

ముంబై కేసులో వాళ్ళు బయటికొచ్చారు. వాళ్ళ మెడ మీద ఉరితాడు లేదు. ఇక వాంగ్మూలానికి జవాబు రాయాల్సిన అవసరం కొంతైనా తగ్గింది. వాళ్ళు రాయాలి, తీయాలి. ఇవాళ ఒక ఫోనున్నా సినిమా తీయొచ్చు. పందొమ్మిదేళ్ళ తర్వాత పిల్లలు గుర్తుపట్టని తండ్రి గురించి, బ్యారక్‌లో ఎవరితో కొట్లాడారో, ఏ పండగనాడు ఎందుకు నవ్వారో చెప్పాలి. ములాఖత్ కిటికీ ఇవతల నిలబడ్డ ఆడవాళ్ళు తమ వైపు కథ చెప్పాలి, అందులో మనల్ని తిట్టినా సరే. అప్పుడు మన బస్తీలో కూర్చున్న మనం "బేగునా అని తేలిందా?" అని అడక్కుండా వినడం నేర్చుకోవాలి.