గోపీచంద్ మణికట్టు

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చేసే ఒక పెద్దాయన దగ్గర ఆమధ్య అరగంట కూర్చున్నాను. పక్కనే ఒక కుర్రాడు ఆకురాయిని పిడికిలితో బిగబట్టి చెంచా అంచు మీద రుద్దుతున్నాడు. "బలం పెట్టబాక అబ్బయ్యా, పట్టు వదులు. ఆకురాయి దాని పని అది చేసుకుంటది" అన్నాడాయన. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ చెయ్యి. నెట్ దగ్గర గోపీ చేసింది అచ్చంగా అదే.

షటిల్ బరువెంతని? అయిదు గ్రాములు, అటూ ఇటూగా. పదహారు ఈకలు, ఒక బెండు తల. నెట్ ఎత్తు నడిమధ్య అయిదడుగులు. షటిల్ నెట్ దాటి వచ్చి కిందికి వాలుతుండగానే రాకెట్‌ని చాచాలి. కొట్టకూడదు. బెండు అంచును పక్కగా కోసినట్టు తాకాలి. సరిగ్గా తాకితే షటిల్ పిల్లిమొగ్గలు వేస్తూ, నెట్ అంచును రాసుకుంటూ అవతల దిగుతుంది. ముందు బెండు వస్తుందో ఈకలు వస్తాయో ఎదుటివాడికి తేలదు. తేలేదాకా ఆగితే నేలకు జానెడు దూరంలో ఉంటుంది, ఇక పైకి లేపడం తప్ప గత్యంతరం లేదు. పైకి లేచినదాన్ని గోపీ వదిలేవాడా! ఎగిరి కొట్టిన ఆ స్మాష్ కళ్ళారా చూసినవాళ్ళు అదృష్టవంతులు.

కిటుకంతా పట్టులో ఉంది. రాకెట్ పిడి వేళ్ళ మీద వాలి ఉండాలి. తాకే క్షణంలో మాత్రం బొటనవేలూ చూపుడువేలూ ఒక్కసారి బిగుస్తాయి. అదే చెయ్యి, అదే చాపు, కానీ చివరి క్షణంలో మణికట్టు కాస్త తిరిగిందంటే షటిల్ నెట్ దగ్గర పడే బదులు వెనక గీతకు దూసుకుపోతుంది. చూసేవాడికి ఒకటే కదలిక, వచ్చే షాట్లు మాత్రం రెండు. ఈ విద్య ఏళ్ళకేళ్ళు తెల్లవారుజామున లేచి సాధన చేస్తేగాని చేతికి ఎక్కదు.

ఈ ఆట పుణె దండులోని తెల్లదొరల దగ్గర రూపుదిద్దుకుందంటారు. మనకు సంబంధించినంత వరకు దాని చరిత్ర హైదరాబాద్‌లో గోపీ గురువు ఎస్.ఎం. ఆరిఫ్ గారితో మొదలవుతుందని నేనంటాను. బెంగళూరు వాళ్ళు ప్రకాశ్ పదుకొణె పేరు చెబుతారు. 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మహానుభావుడు, కాదనను, గోపీ కూడా ఆయన దగ్గర మెరుగులు దిద్దుకున్నవాడే. కానీ గురువు నుంచి శిష్యుడికి, శిష్యుడి నుంచి అతని శిష్యులకు విద్య తెగకుండా సాగిన పరంపర ఏదంటే నా ఓటు హైదరాబాద్‌కే.

గోపీ 1973లో నాగండ్లలో పుట్టాడు. మా నెల్లూరు వాళ్ళకు పొరుగువాడే. 1994లో పుణెలో జాతీయ క్రీడలప్పుడు మోకాలు చెడింది. కత్తి కోతలు పడ్డాయి. ఆట ఇక ముగిసిందనుకున్న ఆ మోకాలితోనే 1996 నుంచి 2000 దాకా వరసగా అయిదుసార్లు జాతీయ విజేత అయ్యాడు. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో, అదే ఆల్ ఇంగ్లండ్ పోటీల్లో ఒలింపిక్ విజేత జీ షిన్‌పెంగ్‌ను పడగొట్టాడు. సెమీస్‌లో డెన్మార్క్ దిట్ట పీటర్ గేడ్‌ను 17-14, 17-15తో, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. సర్వీస్ చేతిలో ఉన్నప్పుడే పాయింటు వచ్చే రోజులవి, ఒక్కో పాయింటుకు ఎంత చెమట కారాలో ఆలోచించండి.

ఆ గెలుపు తర్వాత కూల్‌డ్రింకు ప్రకటనలో కనబడమని అడిగితే, నేను తాగనిది పిల్లల్ని తాగమనలేనని వద్దన్నాడు. ఆ రోజుల్లో అతని దగ్గర డబ్బేమీ మూలుగుతూ లేదు. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో అకాడమీకి అయిదెకరాలిచ్చింది గాని, కట్టడానికి సొమ్మేదీ? ఇల్లు తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారు అయిదు కోట్లిచ్చి ఒకే షరతు పెట్టారు: బ్యాడ్మింటన్‌లో దేశానికి ఒలింపిక్ పతకం రావాలి. 2008లో అకాడమీ తెరుచుకుంది. 2012లో లండన్‌లో సైనా కంచు, 2016లో రియోలో సింధు వెండి. షరతు రెండుసార్లు తీరింది! 2017లో మన గుంటూరు శ్రీకాంత్ ఒక్క ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచాడు. వీళ్ళకోసం తెల్లవారకముందే కోర్టులో నిలబడి షటిళ్ళు ఒకదాని వెంట ఒకటి అందించిన చెయ్యి గోపీదే.

బాస్కెట్‌బాల్‌లో ఇలాంటివాడే ఒకడుండేవాడు, కాంగోలో పుట్టిన డికెంబె ముటోంబో. ఏడడుగుల రెండంగుళాల మనిషి. అమెరికా ఎన్‌బీఏలో 3,289 షాట్లు గాలిలోనే అడ్డుకుని, వేలు ఊపుతూ "ఊహూఁ" అనేవాడు. ఆ సంపాదనతో 2007లో కిన్షాసాలో తల్లి పేరు మీద మూడొందల పడకల ఆస్పత్రి తెరిచాడు. అడ్డుకోవడమే విద్యగా బతికినవాడు తన ఊరి వాళ్ళకు చావును అడ్డుకునే చోటు కట్టాడు. గోపీ కట్టిన కోర్టులను నేను ఆ ఆస్పత్రి పక్కనే పెడతాను.

ఇక నా కడుపుమంట చెప్పాలి. ఇప్పుడు వీధికో షటిల్ అకాడమీ. గోడ మీద గోపీ బొమ్మ, లోపల ఆ విద్య వాసన కూడా లేదు. మా మేనల్లుడిని ఒకచోట చేర్చి ఏడాది ఫీజు కట్టాం. వాడు తిరిగొచ్చి రాకెట్ పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టుంది. నెట్ దగ్గరికి పొమ్మంటే జంకుతాడు. స్మాష్, స్మాష్, ఇంకో స్మాష్! ఈకల షటిల్ ఖరీదని ప్లాస్టిక్‌వి పడేస్తారు. అది ఈకల షటిల్‌లా సుడి తిరగదు, మణికట్టుకు పాఠం చెప్పదు. నేర్పనివాడు నేర్పుతున్నానని సొమ్ము తీసుకోవడం పిల్లల ప్రాయాన్ని దొంగిలించడం. ఇంతకన్నా మెత్తని మాట నాకు రాదు.

మా నెల్లూరు జిల్లా ఆత్మకూరులో సాయంత్రం పూట ఆరుబయట వల కట్టుకుని ఆడే పిల్లల్ని చూస్తుంటాను. గాలికి షటిల్ గీత దాటి కొట్టుకుపోతుంది. వాళ్ళలో ఒక పిల్ల ఉంది. గాలి తగ్గేదాకా ఆగి నెట్ మీదుగా మెల్లగా జార్చుతుంది, ఎవరూ నేర్పకుండానే. పట్టు వదులుగానే ఉంటుంది. పెద్దలారా, సంపన్నులారా, ఊళ్ళో గుడికీ తోరణానికీ ఇచ్చే చేతులతోనే ఆత్మకూరుకొకటి, ఉదయగిరికొకటి గాలి చొరబడని హాలు కట్టించండి. రెండు కోర్టులు చాలు. హైదరాబాద్‌లో ఆ విద్య నేర్చినవాడిని ఒక్కణ్ణి జీతమిచ్చి తీసుకురండి. ఆ పిల్లకు ఇప్పుడు పన్నెండేళ్ళుంటాయేమో.