అద్దంకి శాసనం, హరిహరనాథుడు, తౌహీద్: ఒక పరిశీలన

ఏకేశ్వర విశ్వాసం మానవుని ఆలోచన క్రమంగా పండి చివరకు ఇచ్చిన ఫలమా? లేక ఆదిలోనే అతనికి ప్రసాదించబడి, తర్వాత మరుగునపడిన సత్యమా? 1871లో ఎడ్వర్డ్ టైలర్ 'ప్రిమిటివ్ కల్చర్' అనే గ్రంథంలో మొదటి పక్షాన్ని గట్టిగా ప్రతిపాదించాడు. మొదట ఆత్మల మీద నమ్మకం, పిమ్మట అనేక దేవతలు, చివర ఒక్క దేవుడు: ఇదీ ఆయన చూపిన వరుస. దీనినే చదువుకున్న మన యువకుడు, తౌహీద్ కూడా గడిచిపోయే ఒక దశయే కాబోలునని సందేహంలో పడుతున్నాడు. కనుక దీనిని పరీక్షించడం మన బాధ్యత.

ఇందుకు దూరం పోనక్కరలేదు. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న అద్దంకినే తీసుకుందాం. క్రీ.శ. 848 నాటిదిగా చెప్పబడే పండరంగని అద్దంకి శాసనం ఆదిత్యభట్టారకునికి, అనగా సూర్యదేవునికి ఇచ్చిన భూమిని పేర్కొంటుంది. 13వ శతాబ్దంలో నెల్లూరి తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితమిచ్చాడు. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఎఱ్ఱాప్రగడ, శంభుదాసుడన్న పేరు వహించి కూడా హరివంశం రచించాడు. మొదట సూర్యుడు, పిమ్మట ఇద్దరిని కలిపిన ఒక్కడు, ఆపై భేదం పాటించని భక్తి. టైలర్ నిచ్చెన చక్కగా కుదిరినట్లే కనిపిస్తుంది.

కాని ఈ నిచ్చెన నిలవదు. పలు దేవతల పేర్లు ఒకే సత్యానికి చెందినవనే భావం ఋగ్వేదంలోనే ఉంది. అది పండరంగని శాసనం కంటే ఎన్నో శతాబ్దాలు పూర్వపుది. ఏకత్వ భావన ముందే ఉండగా సూర్యారాధన తర్వాత కూడా సాగిందంటే, చరిత్ర మెట్టు మెట్టుగా పైకి ఎక్కలేదన్నమాట. ఇక హరిహరనాథ తత్త్వం శైవవైష్ణవ కలహాలను మాన్పడానికి వచ్చిన సమన్వయమని సాహిత్య విమర్శకులే అంటారు.

హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) నక్షత్రాన్ని, చంద్రుణ్ణి, సూర్యుణ్ణి చూచి, అస్తమించేది దైవం కాజాలదని తేల్చిన వృత్తాంతం (6:76-79) కూడా మానవజాతి ఎక్కిన మెట్ల కథ కాదు. అది తన జాతి ప్రజలతో ఆయన చేసిన వాదమని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు.

అయితే రెండవ పక్షాన ఉన్న మనవారి తొందరపాటును కూడా చెప్పక తప్పదు. విల్హెల్మ్ ష్మిట్ 1912 నుండి వెలువరించిన పన్నెండు సంపుటాల్లో ఆదిమ జాతులకు ఒక్క సర్వోన్నత దైవం తెలుసునని వాదించాడు. మన రచయితలు కొందరు ఆయననే దివ్య ఖుర్ఆన్‌కు సాక్షిగా నిలుపుతారు. ఆకాశ దైవాన్ని ఎరిగినంత మాత్రాన అది ఏకేశ్వరవాదం కాదని ఇటలీ పండితుడు పెట్టజోని ఆయనను ఖండించాడు. మానవులందరూ మొదట ఒకే సముదాయమన్న దైవవాక్యానికి (2:213) ఇటువంటి ఊతకర్ర అవసరం లేదు. పండితుని సిద్ధాంతం కూలిన నాడు దానికి ఆనించిన విశ్వాసం కూడా కూలుతుందా?

ఇక అసలు ప్రశ్న: హరిహరనాథుడు తౌహీద్‌కు తెలుగు పేరా? మత సామరస్యం పేరిట కొందరు అవునంటారు. రెంటికీ ఏ పోలికా లేదని మరికొందరు త్రోసిపుచ్చుతారు. ఇద్దరూ తూకం తప్పారు. మక్కా బహుదైవారాధకులు సైతం భూమ్యాకాశాల సృష్టికర్త అల్లాహ్ అనే ఒప్పుకునేవారని ఖుర్ఆన్ చెబుతుంది (29:61). వారితో వివాదం దేవుడు ఒక్కడా అన్నంతటితో ముగియలేదు. ఆరాధన, మొర, మొక్కుబడి ఎవరికి చెందాలన్నదే అందులో కీలకం. తిక్కన రెండు రూపాల వెనుక ఒకే తత్త్వాన్ని చూచాడు, రూపాలను తోసివేయలేదు. తౌహీద్ తోసివేతతోనే మొదలవుతుంది: 'లా ఇలాహ' అన్న పిమ్మటే 'ఇల్లల్లాహ్'. పోలికను గౌరవిద్దాం, భేదాన్ని దాచవద్దు.

ఈ న్యాయదృష్టికి అల్‌బెరూనీ మంచి ఆదర్శం. 11వ శతాబ్దంలో రచించిన కితాబుల్ హింద్‌లో హిందూ పండితుల ఏకదైవ భావనను, సామాన్యుల విగ్రహారాధనను విడదీసి చూపాడు. తన విశ్వాసాన్ని వదులుకోలేదు, ఎదుటివారి విశ్వాసాన్ని వికృతపరచనూ లేదు.

చివరగా, ఈ త్రాసు మన ఇంట్లో కూడా పెట్టాలి. సృష్టికర్త ఒక్కడేనని పలుకుతూ, సంతానానికి, రోగనివారణకు పీర్లకు మొక్కుకునే ముస్లిం కుటుంబాలు తెలుగు పల్లెల్లో లేవా? ఒప్పుకోలు ఒకరికి, మొర మరొకరికి అయినప్పుడు మన స్థితి ఏమిటి? ఏకేశ్వర విశ్వాసం ఎక్కడ పుట్టిందన్న వాదంలో గెలిచి, అది మన గడపలో నిలిచిందా అన్న ప్రశ్నలో ఓడితే ఆ గెలుపు వలన ప్రయోజనం శూన్యం.