పరిహాసం మిగిల్చిన సాక్ష్యం: 17వ శతాబ్ది ఫ్రెంచి స్త్రీల గోష్ఠులు, ‘ప్రెసియూజ్’ శైలి

1659 నవంబరు 18న పారిస్‌లోని పెతీ బూర్బోన్ రంగశాలలో మోలియేర్ ఏకాంకిక ‘లె ప్రెసియూజ్ రిదిక్యూల్’ తొలిసారి ప్రదర్శితమైంది. రాజధానికి కొత్తగా వచ్చిన ఇద్దరు యువతులు, నవలల్లో చదివిన నాగరికత తమను కోరివచ్చిన వరుల్లో లేదని వారిని తిరస్కరిస్తారు. అవమానం పొందిన వరులు తమ సేవకులకు ప్రభువుల వేషం వేసి పంపుతారు. యువతులు ఆ వేషానికీ, ఆ మాటల పటాటోపానికీ మోసపోతారు. నాటినుంచి ఆ కాలపు స్త్రీల సాహిత్య గోష్ఠులు అనగానే పాఠకుని మనసులో మెదిలేది కుర్చీకీ అద్దానికీ డొంకతిరుగుడు పేర్లు పెట్టుకొనే స్త్రీల చిత్రమే.

అయితే తరచుగా ఉదాహరించే ఆ పేర్లు ఏ గోష్ఠి పత్రాల నుంచో సేకరించినవి కావు, మోలియేర్ పాత్రలు పలికినవి. 1660లో సోమేజ్ ప్రకటించిన ప్రెసియూజ్‌ల నిఘంటువును ఇందుకు స్వతంత్ర సాక్ష్యంగా స్వీకరించినవారున్నారు. ఆ సోమేజే అదే ఏడాది మోలియేర్ నాటికను పద్యంలోకి మార్చి అచ్చువేశాడు. నాటికలోని మాటలు నిఘంటువులోకీ చేరాయి. ఒకే సాక్షి రెండు పేర్లతో రెండుసార్లు బోనెక్కినట్లయింది. తన గురి నిజమైన ప్రెసియూజ్‌ల మీద కాదనీ, వారిని వికృతంగా అనుకరించేవారి మీదేననీ మోలియేర్ పీఠికలో చెప్పుకున్నాడు. అందులో ఆత్మరక్షణ ఎంత, నిజాయితీ ఎంత అన్నది వేరే చర్చ.

పరిహాసాన్ని పక్కన పెట్టి చూస్తే కనిపించే గోష్ఠి స్వరూపం వేరు. రోమ్‌లో జన్మించిన కాతరీన్ ద వివోన్ (1588–1665), అంటే రాంబూయే మార్కీజ్, రాజాస్థానపు రద్దీకి దూరంగా, లూవ్ర్ సమీపంలోని తన భవనంలో, ‘నీలి గది’గా ప్రసిద్ధమైన చోట కవులనూ ప్రభువర్గీయులనూ సమావేశపరచింది. ‘సలోన్’ అనే పేరు ఈ గోష్ఠులకు తరువాతి కాలం తగిలించినది. సమకాలికులు వాడిన మాట ‘రుయెల్’; మంచానికీ గోడకూ నడుమనుండే చోటు అని దాని అర్థం. గృహిణి శయ్యపై ఆసీనురాలై అతిథులను ఆదరించే ఆచారం నుంచి ఆ పేరు వచ్చింది.

ఆ గదిలో భాష విషయంలో జరిగినదేమిటి? 1637 ప్రాంతంలో, ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ‘కార్’ అన్న చిన్న మాట ఉండాలా, పోవాలా అన్న వివాదం చెలరేగింది. మార్కీజ్ కుమార్తె జ్యూలీ దాంజెన్ అభిప్రాయం అడిగితే, వ్వాత్యూర్ ఆ మాట పక్షాన చమత్కారంగా వకాల్తా పుచ్చుకొని లేఖ రాశాడు. కొత్త పేర్ల పిచ్చి పట్టినదని నిందపడిన గోష్ఠి నుంచి ఒక పాతమాటకు రక్షణ లభించడం గమనించదగినది. ఆ గోష్ఠికి వచ్చిపోయే వోజ్లా 1647 నాటి తన భాషావ్యాఖ్యల గ్రంథంలో, వాడుక విషయమై సందేహం కలిగితే స్త్రీలనూ, గ్రీకు, లాటిన్ చదవనివారినీ అడగడం మేలని సూచించాడు. పండితుని చెవి ప్రాచీన భాషల వైపు మొగ్గుతుందని అతని శంక. శబ్దసాధుత్వ నిర్ణయంలో పాండిత్యం కన్నా సంభాషణ ప్రమాణమైన ఘట్టమిది. ‘ప్రెసియూజ్’ శైలిని కేవలం అలంకార వ్యామోహంగా నిర్వచించేవారు ఈ ఘట్టానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది.

మదెలేన్ ద స్క్యుదేరి (1607–1701) శనివారపు గోష్ఠి ప్రభుకుటుంబాలకన్నా కొంత దిగువ శ్రేణి వారిది. ఆమె ‘క్లేలీ’ నవల తొలి సంపుటంలో (1654) అచ్చయిన ‘తాంద్ర్’ పటం అనురాగ భూగోళం. కొత్త స్నేహమనే ఊరి నుంచి బయలుదేరినవారు గౌరవం మీదుగానో, కృతజ్ఞత మీదుగానో, సహజాకర్షణ అనే నది మీదుగానో మూడు తాంద్ర్ నగరాల్లో ఒకదాన్ని చేరాలి. దారి తప్పితే ఉదాసీనతా సరస్సు. నగరాలు దాటితే ప్రమాదకర సముద్రం, ఆపై అజ్ఞాత భూములు. దీన్ని కాలక్షేపపు ఆట అనవచ్చు. ఆటగానే మొదలైంది కూడా. కానీ ఒక వివరం ఆగి చూడదగినది. గౌరవం, కృతజ్ఞతల దారుల పొడవునా ఊళ్లున్నాయి. ఆకర్షణానది ఒడ్డున ఒక్కటీ లేదు. ప్రవాహవేగం అంతటిది కనుక మజిలీ అవసరం లేదు. తొలిచూపు ప్రేమకు వర్ణించదగిన దశలు లేవనీ, మిగిలిన అనురాగాలకు మెట్లూ, గడువులూ, స్త్రీ సమ్మతీ ఉంటాయనీ ఆ పటం చెబుతోంది. వివాహం కుటుంబాల మధ్య ఒప్పందమైన సమాజంలో ఈ మాటకు బరువుంది. మదాం ద లా ఫాయెత్ ‘లా ప్రిన్సెస్ ద క్లేవ్’లో (1678) కనిపించే సూక్ష్మ మనోవిశ్లేషణకు నేల ఇక్కడే తయారైంది. ఆ నవల రచయిత్రి పేరు లేకుండానే వెలువడింది. స్క్యుదేరి పెద్ద నవలలు సోదరుడు జార్జ్ పేరుతో అచ్చయ్యాయి.

ఈ శైలికి పరిమితులు లేవని కాదు. పది సంపుటాల ‘క్లేలీ’ని నేటి పాఠకుడు ఓపికతో చదవడం కష్టం. శరీరశ్రమ, ఆకలి, బజారు దాని పదజాలంలోకి దాదాపుగా రావు. శుద్ధి పేరిట భాష కొంత ఇరుకైంది కూడా. అయితే ఆ ఇరుకుతనం గోష్ఠులది మాత్రమే కాదు. 1635లో ఏర్పడిన ఫ్రెంచి అకాడమీ నడిచిందీ ఆ దారినే. శుద్ధి అకాడమీ చేస్తే శాస్త్రమైంది, స్త్రీలు చేస్తే హాస్యవస్తువైంది. 1671లో అకాడమీ తన తొలి వక్తృత్వ బహుమతిని స్క్యుదేరి రచనకే ఇచ్చింది. సభ్యత్వం మాత్రం ఏ స్త్రీకీ 1980లో మార్గరీత్ యూర్సెనార్ ఎన్నికయ్యేదాకా దక్కలేదు.

తన రచనల్లో నిలిచేదేదో స్క్యుదేరికి తెలిసినట్లుంది. 1680 నుంచి ఆమె తన నవలల్లోని సంభాషణలను కథ నుంచి విడదీసి, కొత్తవి కొన్ని చేర్చి, విడి సంపుటాలుగా ప్రకటిస్తూ వచ్చింది. ప్రెసియూజ్ శైలిని పరిశీలించదలచినవారు సోమేజ్ నిఘంటువుకన్నా ముందు తెరవవలసినవి ఆ సంపుటాలే.