రోమాల లెక్క, అక్షరాల లెక్క

అంటార్కిటికాలో మంచు కప్పని నేల ఒక శాతంలోపే. ఆ కొద్ది నేల మీద, రాళ్ల అడుగున, నాచు కుదుళ్లలో ఏడాది పొడవునా కాపురముండే జంతువులన్నీ చిన్నవే. పెంగ్విన్లు, సీళ్లు తిండికి సముద్రం మీద ఆధారపడేవి. నేల వాటికి విడిది మాత్రమే. నేలనే నమ్ముకున్నవాటిలో అన్నిటికంటే పెద్దది బెల్జికా అంటార్కిటికా అనే రెక్కల్లేని కీటకం. దాని పొడవు 2 నుంచి 6 మిల్లీమీటర్లు. మిగిలినవి స్ప్రింగ్‌టెయిళ్లు, మైట్లు, నెమటోడ్లు, టార్డిగ్రేడ్లు, రోటిఫర్లు. వీటిలో ఏది ఏ జాతిదో తేల్చే పని రెండు చోట్ల జరుగుతుంది: మైక్రోస్కోప్ కింద ఒకటి, జన్యుశాలలో ఒకటి. ఏ ఒక్కదానితోనూ ఆ పని పూర్తికాదు. ఆ సంగతిని ఫ్రీసియా అనే స్ప్రింగ్‌టెయిల్ కథ బాగా చెబుతుంది.

స్ప్రింగ్‌టెయిళ్లకు కీటకాల్లాగే ఆరు కాళ్లు ఉంటాయి, కానీ ఇవి కీటకాలు కావు. వాటికి దగ్గరి చుట్టాలు. చాలా జాతుల్లో పొట్ట కింద చీలిన తోక ఒకటి మడిచి ఉంటుంది. ఆపద వస్తే అది స్ప్రింగులా విడివడి జీవిని గాల్లోకి ఎగరేస్తుంది. పొట్ట కింద మరో చిన్న గొట్టం ఉంటుంది. నీటిని పీల్చుకోవడానికి అది పనికొస్తుంది. ఫ్రీసియా ప్రజాతిలో ఆ తోక బాగా కుంచించుకుపోయింది. దానికి బదులు వర్గీకరణకారుడి చూపు ఒంటి చివర ఉండే ముళ్ల మీద, ఒళ్లంతా పరుచుకున్న రోమాల మీద నిలుస్తుంది.

శరీర నిర్మాణాన్ని చదవడం అంటే ముందు స్లైడు తయారుచేయడం. ఒకటి రెండు మిల్లీమీటర్లు కూడా లేని నల్లటి జీవిని ఆల్కహాలు నుంచి తీసి, లాక్టిక్ ఆమ్లంలో ఉంచి లోపలి రంగు తేటపడేలా చేస్తారు. తర్వాత గమ్ అరబిక్, క్లోరల్ హైడ్రేట్, గ్లిసరిన్ కలిసిన హోయర్స్ ద్రవంలో పెట్టి, పైన పల్చని గాజుపలక కప్పుతారు. జీవి ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కే కనిపిస్తుంది కాబట్టి వీపు వైపు, పొట్ట వైపు, పక్క వైపు చూపే వేర్వేరు స్లైడ్లు కావాలి. ఒక్క జీవిని చూసి జాతిని తేల్చరు. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ అన్నీ ముందుండాలి. ఎదిగే దశల్లో రోమాల సంఖ్య మారుతుంది. పిల్లను పెద్దగా పొరబడితే లేని జాతి ఒకటి పుట్టుకొస్తుంది.

అప్పుడు లెక్క మొదలవుతుంది. తలకు ఒక్కో పక్క ఎన్ని కళ్లు, స్పర్శశృంగంలోని నాలుగు ఖండాల మీద ఏ రోమం ఎక్కడ, నోటి భాగాల పళ్లు ఎన్ని, గోరు ఆకారం ఎలాంటిది, చివరి ఖండం మీద ముళ్లు ఎన్ని అని ఒక్కొక్కటే చూస్తారు. ఒంటి మీది ప్రతి రోమానికీ ఒక స్థానం ఉంటుంది. ఆ స్థానాల పటం గీయడం ఈ విద్యలో ఒక ప్రత్యేక శాఖ. ఒక రోమం ఉండటం, లేకపోవడం ఒక్క జీవిలో పొరపాటు కావచ్చు. ఒక ప్రాంతపు జీవులన్నిటిలోనూ అదే కనిపిస్తే అది గుర్తు.

ఈ పద్ధతికి హద్దూ ఉంది. ఒకే రకమైన నేలలో, ఒకే రకమైన చలిలో లక్షల ఏళ్లు బతికిన జీవుల ఆకారం పెద్దగా మారకపోవచ్చు. పైకి ఒక్కలా కనిపిస్తూ లోపల వేరైపోయిన ఇలాంటి వాటిని గుప్త జాతులు అంటారు. వాటిని పట్టుకోవడంలో జన్యుశాస్త్రం సాయపడుతుంది.

జన్యుశాలలో ఎక్కువగా చదివేది మైటోకాండ్రియాలోని సి.ఓ.ఐ. అనే జన్యువు. జంతువులను గుర్తించే బార్‌కోడ్‌గా దీన్ని వాడవచ్చని 2003లో పాల్ హీబర్ట్ బృందం ప్రతిపాదించింది. సూదిమొనంత జీవికి ఇది బాగా కుదురుతుంది. ఒక్కో కణంలో మైటోకాండ్రియా డీఎన్ఏ ప్రతులు చాలా ఉంటాయి కాబట్టి ఒక్క జీవి నుంచే చాలినంత దొరుకుతుంది. పైగా ఈ జన్యువు త్వరగా మారుతుంది కనుక దగ్గరి బంధువుల మధ్య తేడా చూపుతుంది. దూరపు బంధుత్వాలు తెలుసుకోవడానికి 18ఎస్ వంటి నెమ్మదిగా మారే జన్యువులను చదువుతారు.

ఇక్కడా జాగ్రత్తలు తప్పవు. ఆ జీవి తిన్న ఆహారం, ఒంటికి అంటిన శిలీంధ్రం, పరిశోధకుడి చేతి చర్మం దేని డీఎన్ఏ అయినా ఫలితంలో దూరవచ్చు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కనుక అది చెప్పేది తల్లి వైపు కథే. డీఎన్ఏ క్రమంలో ఇన్ని అక్షరాలు తేడా ఉంటే వేరే జాతి అని అన్నిటికీ పనికొచ్చే గీత ఏదీ లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు భద్రపరచడంలో ఉంది. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. పాత స్లైడ్లలోని జీవుల నుంచి అక్షరాలు రాబట్టడం చాలా కష్టం. అందుకే ఇప్పుడు జీవిని గాఢమైన ఆల్కహాలులో ఉంచి, లోపలి కణజాలం నుంచి డీఎన్ఏ తీసుకుని, మిగిలిన పైపెంకును స్లైడుగా చేస్తారు. అక్షరాలు, రోమాలు ఒకే దేహం నుంచి రావడం ఈ జాగ్రత్త ఫలితం.

ఇక ఫ్రీసియా కథ. 1882–83లో దక్షిణ జార్జియా ద్వీపంలో ఉన్న జర్మన్ పరిశోధన కేంద్రం సేకరించిన స్ప్రింగ్‌టెయిళ్లను షేఫర్ అనే శాస్త్రవేత్త 1891లో వర్ణించాడు. వాటిలో ఒకదాని పేరు ఇప్పుడు ఫ్రీసియా గ్రిసియా. 1897–99లో బెల్జికా ఓడలో వెళ్లిన యాత్రకు ప్రకృతి శాస్త్రవేత్త రొమేనియాకు చెందిన ఎమిల్ రకోవిత్సా. ఆ యాత్ర అంటార్కిటిక్ ద్వీపకల్పం నుంచి తెచ్చిన జీవుల్లో ఒకదానికి శాస్త్రవేత్త విక్టర్ విల్లెమ్ 1901లో అంటార్కిటికస్ అని పేరుపెట్టాడు. తర్వాతి కాలంలో ఈ రెండూ ఒకటేనని గ్రిసియా పేరు కిందే చేర్చారు. ఖండానికి ఆ కొసన, వేల కిలోమీటర్ల దూరంలోని విక్టోరియా లాండ్‌లో దొరికినవాటికీ అదే పేరు దక్కింది.

ఇది వింతైన విస్తృతి. ద్వీపకల్పంలోని స్ప్రింగ్‌టెయిళ్లకు, మిగతా ఖండంలోని వాటికి మధ్య ఉమ్మడి జాతులు ఇంకేవీ లేవు. ఆ హద్దుకు చౌన్, కాన్వే అనే శాస్త్రవేత్తలు 2007లో గ్రెసిట్ రేఖ అని పేరుపెట్టారు. 1960లలో అంటార్కిటికా కీటకాలపై పనిచేసిన గ్రెసిట్ పేరు అది. ఎగరలేని, ఎండిపోతే చచ్చిపోయే ఈ చిన్న ప్రాణి ఒక్కటే ఆ రేఖను ఎలా దాటింది?

దాటలేదని అక్షరాలు చెప్పాయి. 2010లో ఇటలీ శాస్త్రవేత్తలు రెండు ప్రాంతాల జీవుల మైటోకాండ్రియా డీఎన్ఏను మొదటి నుంచి చివరి దాకా చదివి పోల్చారు. తేడా చాలా లోతుగా ఉంది. కానీ ఆ పత్రం శీర్షిక కూడా ప్రశ్నార్థకంతోనే ముగిసింది. తేడా ఉందని తెలిసినా, ఏ జీవికి ఏ పేరు చెందుతుందో అక్షరాలు చెప్పలేవు. పేరు టైప్ నమూనాకు, అంటే మొదటిసారి వర్ణించిన ఆ దేహానికి కట్టి ఉంటుంది. కాబట్టి మళ్లీ రోమాల దగ్గరికి రావాల్సిందే. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పెనెలోపి గ్రీన్‌స్లేడ్ 2018లో ఆ చిక్కు విప్పింది: అసలైన గ్రిసియా దక్షిణ జార్జియాది, ఖండం మీదిదానికి విల్లెమ్ పెట్టిన పాత పేరే, ఫ్రీసియా అంటార్కిటికాగా, తిరిగి చెల్లుతుంది. 2020లో రోమాల తేడాలు, జన్యు దూరం రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు విక్టోరియా లాండ్ జీవులు రెండు కొత్త జాతులని తేలింది: ఫ్రీసియా గ్రెటే, ఫ్రీసియా ప్రాప్రియా. ఫ్రీసియా అంటార్కిటికా ద్వీపకల్పానికే మిగిలింది. రేఖకు ఉన్న ఒక్క మినహాయింపూ పోయింది.

పేరు సరిచేయడంతో చరిత్ర కూడా సరి అవుతుంది. ఒకే జాతి అంతటా ఉందంటే అది ఈమధ్య గాలికో పక్షికో అంటుకుని వ్యాపించిందని అనుకోవచ్చు. చోటుకొక జాతి ఉందంటే వాటి పూర్వీకులు మంచుయుగాలన్నిటిలోనూ ఎక్కడో కొంత బోడి నేలను పట్టుకుని అక్కడే బతికాయని అర్థం. హిమానీనదాలు చెరిపేసిన ఆధారాన్ని ఈ ప్రాణులు ఒంట్లో దాచుకున్నాయి.

రక్షణకూ ఇదే పునాది. అంటార్కిటికాలోని డిసెప్షన్ దీవిలో యూరప్ నుంచి మనుషుల వెంట వచ్చిన హైపోగాస్ట్రూరా వయాటికా అనే స్ప్రింగ్‌టెయిల్ స్థిరపడింది. అది వలస వచ్చినదని చెప్పాలంటే స్థానిక జాతులు ఏవో ముందు తెలియాలి. ఒకే పేరు కింద నాలుగు జాతులు దాగినంత కాలం ఒక లోయ పాడైతే ఆ జాతి మరోచోట ఉందిలే అనిపిస్తుంది. పేర్లు విడివడ్డాక ఆ లోయలో ఉన్నది ప్రపంచంలో ఇంకెక్కడా లేదని తెలుస్తుంది. మిల్లీమీటరు పొడవున్న దేహం మీద రోమాలు లెక్కపెట్టిన ఓపికకు అంత విలువ ఉంది.