లక్షణగ్రంథం నుంచి వెండితెరకు: పాత్రధారణ క్రీడలు, అభిమానుల సినిమాలు – ఒక పరిశీలన

ప్రవేశిక

ఒక నవల సినిమాగా వచ్చినప్పుడు విమర్శకుడు మొదట వేసే ప్రశ్న మూలవిధేయతను గురించినది. మూలంలోని కథ ఎంత మిగిలింది, ఏ పాత్ర మారింది, ముగింపు అదేనా అని చూస్తాడు. మూలంలో అసలు కథే లేకపోతే ఈ ప్రశ్నకు అర్థముంటుందా? 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట పేరుతో 2000లో ఒక సినిమా, 2023లో మరొక సినిమా వచ్చాయి. రెంటిలోనూ డ్రాగన్లు, మాంత్రికులు, దొంగలు, నేలమాళిగలు ఉన్నాయి. మొదటి సినిమాను ఆ ఆట ఆడేవారే తిరస్కరించారు. రెండవదాన్ని వారే తమదిగా చెప్పుకున్నారు. వసూళ్లతో ఈ తేడాను వివరించలేం. 2023 నాటి 'ఆనర్ అమాంగ్ థీవ్స్' సుమారు 15 కోట్ల డాలర్ల వ్యయంతో తయారై, ప్రపంచవ్యాప్తంగా సుమారు 20.8 కోట్ల డాలర్లు మాత్రమే రాబట్టింది. ప్రదర్శనశాలల వాటా, ప్రచార వ్యయం తీసివేస్తే ఇది లాభసాటి లెక్క కాదు. అయినా అభిమానుల ఆదరణ దానికి దక్కింది. అందుకు కారణం సినిమాలోని వింత జంతువులలో కాక, ఆట నిర్మాణాన్ని దర్శకులు అర్థం చేసుకున్న తీరులో ఉన్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. సూపర్‌హీరో క్రీడలను కూడా ఈ దృష్టితోనే పరిశీలిస్తాను.

ఆట స్వరూపం

ఈ ఆటలతో పరిచయం లేని పాఠకుల కోసం కొంత వివరణ అవసరం. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారిలో ఒకరు నిర్వాహకుడు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు: ఒకరు మాంత్రికుడు, ఒకరు యోధురాలు, ఒకరు దొంగ. నిర్వాహకుడు సన్నివేశాన్ని వర్ణిస్తాడు. ఎదుట పాతబడిన వంతెన ఉంది, కింద అగాధం ఉంది, ఏం చేస్తారు అని అడుగుతాడు. దూకుతానని ఒకరంటారు. అప్పుడు ఇరవై ముఖాల పాచికను వేసి, వచ్చిన అంకెకు పాత్ర నైపుణ్యాన్ని కలిపి, నిర్వాహకుడు నిర్ణయించిన సంఖ్యతో పోలుస్తారు. చాలితే దూకినట్టు, చాలకపోతే పడినట్టు. పడినా కథ ఆగదు, మరొక దారి పడుతుంది. ఆ దారి ఏదో నిర్వాహకుడికి కూడా ముందుగా తెలియదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన ఈ ఆటను 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా నుంచి టీఎస్ఆర్ సంస్థ ప్రచురించింది. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. దీనికి ముందున్నవి సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధక్రీడలు. వాటిలో ఆటగాడు దళాన్ని నడిపేవాడు. ఇక్కడ ఒకే వ్యక్తిగా మారాడు. సినిమాకు ఈ ఆటతో ఉన్న చుట్టరికం కొత్తగా ఏర్పడినది కాదు. ఆర్నెసన్ తన తొలి కల్పిత లోకమైన బ్లాక్‌మూర్‌కు ప్రేరణగా టీవీలో వరుసగా చూసిన రాక్షస చిత్రాలను, కోనన్ కథలను చెప్పుకున్నాడు. గైగాక్స్ చవక ప్లాస్టిక్ జంతువుల బొమ్మలను బల్ల మీద పెట్టి ఆడాడు. వాటిలో ఏ జంతువో తేల్చి చెప్పలేని ఒక బొమ్మ, గుడ్లగూబ తల గల ఎలుగుబంటిగా, 'ఔల్‌బేర్' పేరుతో ఆటలో స్థిరపడింది. 2023 సినిమాలో డోరిక్ అనే పాత్ర ఆ రూపమే ధరిస్తుంది. దుకాణంలో కొన్న బొమ్మ అర్ధశతాబ్ది తరువాత కోట్ల డాలర్ల గ్రాఫిక్స్‌గా తెర మీద గర్జించింది. ఈ రంగంలో మూలం అనే మాటను ఎంత జాగ్రత్తగా వాడాలో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

లక్షణం, లక్ష్యం

మన సాహిత్యశాస్త్రంలో లక్షణగ్రంథానికీ లక్ష్యగ్రంథానికీ స్పష్టమైన విభజన ఉంది. ఛందశ్శాస్త్రం పద్యం ఎలా నడవాలో చెబుతుంది. అది కావ్యం కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమావళి ఈ అర్థంలో లక్షణగ్రంథం. దానికి లక్ష్యాలు ఆటగాళ్ల ఇళ్లలో, వారాంతపు సాయంత్రాలలో పుట్టి, అక్కడే అంతరించాయి. వాటికి పాఠం లేదు. కాబట్టి ఆటను సినిమాగా తీయడమంటే ఒక కథను తెరకెక్కించడం కాదు, లక్షణానికి కొత్త లక్ష్యాన్ని సృష్టించడం.

2000 నాటి సినిమా ఈ భేదాన్ని గుర్తించలేదు. కోర్ట్నీ సాలమన్ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రం ఆటలోని పేర్లను, జంతువులను, మంత్రదండాలను పోగుచేసింది. జెరెమీ ఐరన్స్ దుష్టమాంత్రికుడిగా గొంతు చించుకున్నాడు. అయితే అందులో నాయకుడైన దొంగ ఎదుర్కొనే ఆటంకాలన్నీ అతడు దాటడం కోసమే పెట్టినవి. ఏ పాచికా తప్పుగా పడే వీలు ఆ లోకంలో లేదు. ఛందస్సు పుస్తకంలోని గణాల పేర్లను వరుసగా పేర్చి పద్యమన్నట్టుంది ఆ ప్రయత్నం.

2023 సినిమా దర్శకులలో ఒకరైన జాన్ ఫ్రాన్సిస్ డేలీ, బాల్యంలో నటించిన 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' ధారావాహిక చివరి భాగంలో ఇదే ఆట ఆడే కుర్రవాడిగా కనిపిస్తాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ అతడూ జోనథన్ గోల్డ్‌స్టీన్ కలిసి తీసిన సినిమాలో బల్ల దగ్గరి అనుభవం ప్రతి మలుపులోనూ తెలుస్తుంది. ఆరంభంలోనే కథానాయకుడు ఎడ్గిన్, సహచరి హోల్గా క్షమాభిక్ష విచారణ నుంచి పక్షిమనిషిని పట్టుకుని కిటికీలోంచి దూకి పారిపోతారు. తీరా చూస్తే అధికారులు వారిని విడుదల చేయడానికే నిశ్చయించుకున్నారు. శ్మశాన సన్నివేశం మరింత సూక్ష్మమైనది. శవాన్ని లేపితే ఐదు ప్రశ్నలకు మాత్రమే జవాబిస్తుంది. ఇది ఆటలోని మంత్రానికి నిజంగా ఉన్న పరిమితి. పాత్రలు అయోమయంలో ప్రశ్నలను వృథా చేసుకుంటారు. ఒక సమాధి చాలక మరొకటి తవ్వాల్సివస్తుంది. ఈ ఆట ఆడినవారెవరికైనా ఆ నవ్వులో తమ బల్ల కనిపిస్తుంది. నియమం ఇక్కడ కథకు అలంకారం కాదు, హాస్యానికి హేతువు.

వంతెన సన్నివేశంలో ఆదర్శవీరుడు జెంక్, దానిని దాటే క్లిష్టమైన పద్ధతిని గంభీరంగా వివరిస్తుండగా, సైమన్ కాలు పెట్టీ పెట్టగానే వంతెన మొత్తం కూలిపోతుంది. నిర్వాహకుడు ఎంతో శ్రమపడి సిద్ధం చేసుకున్న చిక్కుముడి ఒక ఆటగాడి తొందరపాటుతో పనికిరాకుండా పోవడం బల్ల దగ్గర నిత్యం జరిగేదే. ఆ వెంటనే హోల్గా చేతికర్రగా వాడుతున్నది ద్వారాలు తెరిచే మంత్రదండమని తేలుతుంది. విడిగా చూస్తే ఇది రచయిత చేసిన చౌకబారు సర్దుబాటు. బల్ల దగ్గర మాత్రం ఇది నిర్వాహకుడి కరుణ: దారి మూసుకుపోయినప్పుడు అతడు అప్పటికప్పుడు కల్పించే కొత్త దారి. ఆ దండంతో వేసిన పథకమూ బెడిసికొడుతుంది. ద్వారం అమర్చిన చిత్రపటం ఖజానాలో బోర్లా పడి, ద్వారం రాతినేలలోకి తెరుచుకుంటుంది. జెంక్ పాత్రను మధ్యలోనే సాగనంపడం కూడా ఆట తెలిసినవారి పని. అన్నీ చేయగల వీరుడు పక్కన ఉంటే ఆటగాళ్లకు చేయవలసింది ఏమీ మిగలదు.

వైఫల్యం ఇంతగా ఎందుకు రుచిస్తుంది? అవధానాన్ని తలచుకుంటే జవాబు దొరుకుతుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరాన్ని నిషేధిస్తూపోతుంటే, అవధాని అనుకున్న పదాన్ని వదిలి మరొక పదాన్ని వెతుక్కుంటాడు. సిద్ధమైన పద్యం సభకు అక్కరలేదు. ఆ వెతుకులాటను చూడడానికే సభ కూర్చుంటుంది. పాచిక చేసే పని పృచ్ఛకుడు చేసేదే.

బలహీనతకు వెల

సూపర్‌హీరో క్రీడలలో సమస్య వేరు. ఇక్కడ నాయకుడు స్వభావరీత్యా అజేయుడు. అజేయుడితో ఆట ఎలా నడుస్తుంది? 1981లో హీరో గేమ్స్ ప్రచురించిన 'ఛాంపియన్స్' దీనికి తెలివైన సమాధానం చెప్పింది. ఆటగాడికి 100 పాయింట్లు ఇస్తారు. వాటితో శక్తులు కొనుక్కోవాలి. అవి చాలకపోతే బలహీనతలను స్వీకరించి అదనపు పాయింట్లు పొందవచ్చు. వెంటాడే శత్రువు ఒక బలహీనత. ఆధారపడిన ఆత్మీయుడు మరొకటి. ఆ ఆత్మీయుడు ఎంత తరచుగా ఆపదలో చిక్కుకోవాలో కూడా ఆటగాడే ఎంచుకుంటాడు. మూడు పాచికల మొత్తం 8 లేదా అంతకన్న తక్కువ వస్తే అని ఎంచుకుంటే సంభావ్యత సుమారు 26 శాతం. 11 అయితే 62.5 శాతం, 14 అయితే 90 శాతానికి మించి. తరచుదనం పెరిగిన కొద్దీ వచ్చే పాయింట్లూ పెరుగుతాయి. గోడలు ఎగబాకే శక్తి కావాలంటే ముసలి పిన్నమ్మను ప్రమాదంలో పెట్టాలన్నమాట. వినడానికి క్రూరంగా ఉన్నా, సూపర్‌హీరో కథావస్తువును ఇంత నిక్కచ్చిగా విశ్లేషించిన విమర్శ వ్యాసాలలోనూ అరుదు.

జెఫ్ గ్రబ్ రూపకల్పనతో 1984లో టీఎస్ఆర్ తెచ్చిన 'మార్వెల్ సూపర్ హీరోస్' మరొక మార్గం పట్టింది. అందులో సత్కార్యాలకు వచ్చే పాయింట్ల పేరు కర్మ. (మన కర్మ జన్మాంతరాలదాకా వెంటవస్తుంది, ఈ కర్మను పాచిక సరిగా పడనప్పుడు చిల్లరలా ఖర్చుపెట్టుకోవచ్చు. మాట అరువు తెచ్చుకున్నవారు దాని భారాన్ని తెచ్చుకోలేదు.) ఇచ్చిన మాట తప్పితే కర్మ తగ్గుతుంది. ప్రాణం తీస్తే మాత్రం కూడబెట్టినదంతా పోతుంది. నీతిని ఉపన్యాసంగా చెప్పక లెక్కగా మార్చిన నియమమిది.

ఈ కొలబద్దతో రెండు సినిమాలను చూద్దాం. శామ్ రైమీ తీసిన 'స్పైడర్‌మాన్ 2' (2004) మొదట్లోనే పీటర్ పిజ్జాలు ఆలస్యంగా చేర్చి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ప్రియురాలి నాటకానికి వేళకు చేరలేక గుమ్మం దగ్గరే నిలిచిపోతాడు. శక్తులు సన్నగిల్లుతాయి. ఆ సినిమా ఈ ఆటను అనుసరించిందని నా వాదన కాదు. రెంటికీ మూలం 1962 నుంచి వచ్చిన కామిక్స్ కథలే. కానీ శక్తికి చెల్లించే వెల ప్రతి సన్నివేశంలోనూ లెక్కకు రావడం రెంటిలోనూ ఒకటే. 'మాన్ ఆఫ్ స్టీల్' (2013) చివర సూపర్‌మాన్ జాడ్ మెడ విరుస్తాడు. అది మార్వెల్ పాత్ర కాదు గనుక ఆ నియమం నేరుగా వర్తించదు. చంపడం తప్పా ఒప్పా అన్నది కూడా ఇక్కడ అసలు ప్రశ్న కాదు. చంపిన వెంటనే అతడు ఆక్రోశిస్తాడు. కొద్ది నిమిషాలకే కథ తేలికపడి, కళ్లద్దాలు పెట్టుకుని పత్రికాఫీసులో చేరతాడు. ఖాతాలోంచి ఏమీ తగ్గలేదు. చాలామంది అభిమానుల అసంతృప్తికి హత్య కన్నా ఈ లెక్క తేలకపోవడమే కారణమని నేను భావిస్తున్నాను.

రసం ఎవరిది?

రసం అనుకార్యంలో ఉంటుందని భట్టలోల్లటుడన్నాడు. భట్టనాయకుడు, అభినవగుప్తుడు దానిని సహృదయునివైపు తెచ్చారు. ఈ చర్చకంతటికీ పునాది కవి, నటుడు, ప్రేక్షకుడు వేరువేరుగా ఉండడం. బల్ల దగ్గర ఈ ముగ్గురూ ఒక్కరే. దొంగ మాటలు పలికేది, ఆ మాటలు కల్పించేది, వాటికి నవ్వేది ఒకే మనిషి. సినిమాకు వచ్చేసరికి ఆ మనిషి మళ్లీ కేవల ప్రేక్షకుడవుతాడు. కానీ అతనిలోని నటుడు పూర్తిగా నిద్రపోడు. తెర మీద పాత్ర ఒక నిర్ణయం దగ్గర ఆగినప్పుడు, నేనైతే ఏం చేసేవాణ్ణని ఆలోచిస్తాడు. అభిమానిని ఆనందపరిచే సినిమా ఆ ఆలోచనకు చోటు వదిలే సినిమా.

ఈ చోటుకు ఒక హద్దు ఉంది. సినిమాలో పడే పాచికలు శకుని పాచికలు. రచయిత కోరినట్టే పడతాయి. ఎడ్గిన్ పథకాలు విఫలమైనా, ఆ వైఫల్యాలు ముందుగా రాసుకున్నవి. దర్శకులు ఈ మోసాన్ని చాలావరకు దాచగలిగారు. దాచలేనిది హోల్గా మరణం. ఆమె పడిపోగానే, ఒకరిని మాత్రమే బతికించగల ఫలకం సిద్ధంగా ఉందని ప్రేక్షకుడికి గుర్తుకొస్తుంది. ఆమె లేస్తుందా లేదా అన్న ఉత్కంఠకు తావు లేదు. అయినా ఆ ఘట్టం నిలబడింది. చనిపోయిన భార్యను తిరిగి తెచ్చుకోవాలని సినిమా పొడుగునా ఆ ఫలకం వెంట పడిన ఎడ్గిన్, దానిని తన బిడ్డను పెంచిన స్నేహితురాలికి వాడతాడు. పాచిక చేయలేని పనిని ఎంపిక చేసింది. ఆటలో కూడా పదికాలాలు గుర్తుండేవి ఇలాంటి ఎంపికలే. వాటికి పాచిక అక్కరలేదు.

ఈ కథలు ఎవరివన్న ప్రశ్న ఆ సినిమా విడుదలకు రెండు నెలల ముందే మరొక రూపంలో తలెత్తింది. ఆట మౌలిక నియమాలను ఇతర ప్రచురణకర్తలు కూడా వాడుకోవడానికి 2000లో ఇచ్చిన బహిరంగ అనుమతిపత్రాన్ని మార్చాలని, హక్కుదారైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ప్రయత్నించింది. ముసాయిదా 2023 జనవరిలో బయటపడగానే ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు తీవ్రంగా వ్యతిరేకించారు. సినిమాను బహిష్కరిస్తామన్నవారూ ఉన్నారు. జనవరి 27న సంస్థ వెనక్కి తగ్గి, మౌలిక నియమపత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కిందికి తెచ్చింది. ఔల్‌బేర్ బొమ్మను తయారుచేసినవారి పేరు మాత్రం ఆ ఆట పుస్తకాల్లో ఎక్కడా లేదు.