దిట్టం తప్పని మందు

తిరుమల ప్రసాదాల వంటశాల అయిన పోటులో పనిచేసేవాళ్లకు దిట్టం అంటే తిరుగులేని మాట. 5,100 లడ్లకు శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర ఎంత అని రాసిపెట్టిన లెక్క అది. చేతులు మారినా లెక్క మారదు. తిరుపతివాళ్లం ఆ మాటను ప్రసాదానికే వాడుతాం గానీ, ఏ పనితనానికైనా అసలు పరీక్ష అదేనని నా నమ్మకం. ఒక్కసారి బాగా చెయ్యడం చాలామందికి కుదురుతుంది. వెయ్యోసారి కూడా మొదటిసారి లాగే చెయ్యడం కొందరికే పట్టుబడుతుంది. ఆ విద్యను నిప్పుతో చెలగాటమాడే మందు మీద చూపించిన రెండు పనుల గురించి చెప్పాలని ఉంది. ఒకటి అరచేతిలో ఇమిడే తూటా. రెండోది మా తిరుపతి జిల్లాలోనే, శ్రీహరికోటలో పోసే రెండువందల టన్నుల రాకెట్టు మందు.

ముందు చిన్నదాని సంగతి. అమెరికాలో వేటగాళ్లూ గురి పోటీలకు వెళ్లేవాళ్లూ తూటాలు సొంతంగా నింపుకోవడం పాత అలవాటు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఈ పనిని లైసెన్సు గీత దాటనివ్వదు. అక్కడ మాత్రం అది ఇంటి వెనక గదిలో సాగే చేతిపని. పేలిన తూటా ఇత్తడి తొడుగును పారెయ్యరు. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి కొలతకు తెచ్చి, అడుగున మందును అంటించే కొత్త ప్రైమర్ బిగించి, మందు తూచి పోసి, గుండు కూర్చి, తొడుగు అంచును దాని మీదికి ఒత్తుతారు. ఆ తూకం గ్రెయిన్లలో ఉంటుంది. మన కంసాలి గురిగింజ ఒక్కటి దాదాపు రెండు గ్రెయిన్ల ఎత్తు. నింపేవాడు గ్రెయిన్‌లో పదోవంతు తేడా కూడా రానివ్వడు. అంటే గురిగింజను దాదాపు ఇరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత!

ఈ పనివాళ్లలో పెద్ద పేరు ఎల్మర్ కీత్‌ది. ఐడహోలో పశువుల మధ్య బతికిన మనిషి. .44 స్పెషల్ తూటాను ఏళ్ల తరబడి తన చేత్తో నింపి, పేల్చి, దాని సత్తువ ఎంతవరకు పోగలదో చూశాడు. ఆయన పోరు ఫలితంగానే స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కంపెనీలు 1950ల నడుమ .44 మాగ్నమ్‌ను తెచ్చాయి. చేత్తో నింపిన తూటా వెనక కార్ఖానా నడిచిన సందర్భం అది.

ఈ .44 మాగ్నమ్ తూటా విశేషమేమిటంటే, రివాల్వర్‌లో పట్టేదే రైఫిల్‌లోనూ పడుతుంది. 240 గ్రెయిన్ల గుండు ఉన్న కార్ఖానా తూటాకు కంపెనీలు అచ్చువేసిన వేగాలు చూడండి: రివాల్వర్ నుంచి సెకనుకు 1,180 అడుగులు, ఇరవై అంగుళాల రైఫిల్ గొట్టం నుంచి 1,760. వేగం ఒకటిన్నర రెట్లయితే గుండు మోసే శక్తి రెండు రెట్లు దాటుతుంది. మందు అదే, గుండు అదే. మరి ఈ బలం ఎక్కడిది? మెల్లగా మండే మందు పొట్టి గొట్టంలో పని పూర్తి చెయ్యకముందే గుండు బయటపడిపోతుంది. పైగా రివాల్వర్‌లో తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నని సందులోంచి, మందు మండగా పుట్టిన వాయువు కొంత పక్కకు పోతుంది. రైఫిల్‌లో ఆ సందు లేదు. పొడుగాటి గొట్టం వెంట వాయువు గుండును తోస్తూనే ఉంటుంది.

అయితే ఆరితేరిన చెయ్యి ఈ పెద్ద అంకెను చూసి మురిసిపోదు. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు పది తూటాలు పేల్చి, అన్నిటికన్నా వేగంగా పోయినదానికీ నెమ్మదిగా పోయినదానికీ తేడా ఎంతో చూస్తుంది. ఆ తేడా ఎంత తగ్గితే పనితనం అంత. మందు తూకంలో చూపు తప్పినా, గుండు లోతులో చెయ్యి తప్పినా ఆ అంకెలో బయటపడుతుంది. రివాల్వర్‌లోనైనా రైఫిల్‌లోనైనా అది దాగదు.

గుండు వేగాన్ని మొదట నమ్మకంగా కొలిచినవాడు ఇంగ్లండ్ గణితవేత్త బెంజమిన్ రాబిన్స్. బరువైన లోలకానికి గుండు తగిలితే అది ఎంత ఊగిందో చూసి, దాన్నిబట్టి గుండు వేగం లెక్కగట్టాడు. మందు ఎంత, గొట్టం పొడుగెంత అన్నదాన్నిబట్టి వేగం ఎలా మారుతుందో 1742లో పుస్తకంగా తెచ్చాడు. మహాగణితవేత్త ఆయిలర్ దాన్ని జర్మన్‌లోకి అనువదించి వ్యాఖ్య రాశాడు. ఆ రాబిన్స్ ఈస్టిండియా కంపెనీ కోటల పని మీద మన తీరానికే వచ్చి, 1751లో కడలూరు పక్కన సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

అక్కడినుంచి అదే తీరం వెంట ఉత్తరానికి వస్తే పులికాట్ సరస్సు, దానికీ సముద్రానికీ నడుమ శ్రీహరికోట. 1971 అక్టోబర్ 9న ఇక్కడినుంచి తొలి రాకెట్టు, చిన్న రోహిణి, ఎగిరింది. ఇప్పుడు ఇక్కడ పోసే ఎస్‌200 బూస్టర్ 3.2 మీటర్ల అడ్డుకొలత ఉన్న ఉక్కు గొట్టం. మూడు ఖండాలు, తలఖండంలో సుమారు 27 టన్నులు, నడిమిఖండంలో 97, అడుగుఖండంలో 82 టన్నుల మందు.

ఆ మందు తయారీని దగ్గరగా గమనిస్తే పోటే గుర్తుకొస్తుంది. అమ్మోనియం పెర్‌క్లోరేట్‌ను ముతకగా కొంత, మెత్తగా కొంత విసురుతారు. పెద్ద పలుకుల సందుల్లో చిన్నవి కూరుకుంటేనే మందు చిక్కగా కుదురుతుంది. సముద్రపు తేమ దానికి తగలకూడదు. అల్యూమినియం పొడిని, అన్నిటినీ పట్టి ఉంచే హెచ్‌టీపీబీ అనే రబ్బరు ద్రవాన్ని చేర్చి, పెద్ద పెద్ద మిక్సర్లలో ముద్దగా కలుపుతారు. ఆ సమయంలో మనిషి దూరంగా గదిలో కూర్చుని మీటలు నొక్కుతాడు. తరవాత గాలి తీసేసిన చోట ముద్దను ఖండంలోకి జారవిడుస్తారు, బుడగ మిగలకుండా. నడిమధ్య ముందే నిలిపిన అచ్చు ఉంటుంది. వెచ్చని గదిలో రోజుల తరబడి ఉంచితే ముద్ద రబ్బరులా గట్టిపడుతుంది. అప్పుడు అచ్చును మెల్లగా పైకి లాగుతారు.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా తోచేది ఆ అచ్చు మిగిల్చిన బోలు. మందు లోపలి నుంచి బయటికి మండుతుంది. ఎంత మేర మండుతుంటే అంత తోపు. తలఖండంలో బోలును నక్షత్రం ఆకారంలో ఉంచుతారు. మొదట ఎక్కువ మేర అంటుకుని, రాకెట్టు నేల విడిచేటప్పుడు కావలసిన బలం అందుతుంది. ఏ క్షణాన ఎంత తోపు అన్నది ఆ ఆకారంలోనే రాసి ఉంటుంది. ఒకసారి అంటించాక మంటను తగ్గించడం, ఆపడం ఎవరి తరమూ కాదు.

తూటా నింపేవాడు పదింటిని పేల్చి చూసి పదకొండోదాన్ని నమ్ముతాడు. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే కలిపిన ముద్దలోంచి నమూనా తీసి, సన్నని పుల్లల్లా పోసి కాల్చి, మండే వేగం చూస్తారు. చిన్న పరీక్షా మోటార్లు మండిస్తారు. గట్టిపడ్డ ఖండాన్ని ఎక్స్‌రే తీసి పగుళ్లు, బుడగలు వెతుకుతారు. 2010 జనవరి 24న పూర్తి ఎస్‌200ను నేలకు బిగించి మొదటిసారి మండించినప్పుడు అది 130 సెకన్లు మండింది. దాదాపు 600 కొలతలు తీసుకున్నారు. ఈ జాగ్రత్తల వెనక నెత్తురు కూడా ఉంది. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధన విభాగంలో జరిగిన ప్రమాదంలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఈ పనిని మెచ్చుకునేవాళ్లు వాళ్లను మరవకూడదు.

ఎల్‌వీఎం3 రాకెట్టుకు ఈ బూస్టర్లు రెండు కావాలి, అటొకటి, ఇటొకటి. 640 టన్నుల రాకెట్టులో దాదాపు మూడింట రెండు వంతులు ఈ మందే. నేల విడిచాక తొలి నిమిషాల భారమంతా ఈ రెండింటిదే. ఒకటి ఎక్కువ తోసి ఇంకొకటి తక్కువ తోస్తే రాకెట్టు ఒరుగుతుంది; ఒకటి ముందే ఆరిపోతే ఇంకా ప్రమాదం. నాజిల్‌ను కొద్దిగా తిప్పి సరిదిద్దే ఏర్పాటు ఉన్నా దానికీ హద్దుంది. ఇక్కడ గొప్ప బలం ఒక్కటే చాలదు. ఆ గొప్ప బలమే రెండు చోట్ల, ఒకే తీరుగా, ఒకే క్షణాన పుట్టి ఒకే క్షణాన ఆరాలి.

2023 జూలై 14న ఎల్‌వీఎం3 మీద చంద్రయాన్‌-3 ఎగిరినప్పుడు ఆ రెండు బూస్టర్లే దాన్ని పైకెత్తాయి. పులికాట్ గట్టు మీద నిలబడి చూసేవాళ్లకు అవి రెండు మంటలని తెలియదు. ఒక్క వెలుగు స్తంభమే కనబడుతుంది. రెండు నిమిషాలు దాటాక రెండూ కలిసి ఆరి, కలిసి విడిపోయాయి. వేరువేరుగా పోసిన మందు, ఒక్కో బూస్టర్‌లో రెండు వందల టన్నులున్నా, మాట తప్పలేదు. దిట్టం నిలిచింది.