ఒకటిన్నర శృతి

నెలకో శనివారం సాయంత్రం మా చర్చిలో పాటల కూడిక పెడతాం. బెజవాడ కదా, ఆటోనగర్‌లో పని దిగి, స్నానం చేసి వచ్చేవాళ్లు ఏడున్నరకు గానీ చేరరు. అందుకని మొదట అందరికీ వచ్చిన పాటలే పాడి, కొత్త పాట వాళ్లొచ్చాక నేర్పుతాం, అదీ ఒక్కటే. వాక్యం పది నిమిషాలు. దానికి అయ్యగారిని ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమని మావాళ్ల వేళాకోళం. నన్నడిగితే శృతి కుదర్చడం అంతకన్నా కష్టం.

క్వయర్‌లో ముందు పాడే అమ్మాయికి ఐదున్నర శృతి హాయి. అక్కడ ఎత్తుకుంటే కింద కూర్చున్న మగవాళ్లకు పల్లవి మంద్రంలో ఆనదు, చరణం పైన అందదు. రెండో పాటకల్లా పాడడం మాని వినడం మొదలుపెడతారు. ఒకటికో ఒకటిన్నరకో దించితే ఆ అమ్మాయి ముఖం చిన్నబోతుంది గానీ వెనక బెంచీలు గొంతు విప్పుతాయి. కచేరీలో శృతి గాయకుడిది, ఇక్కడ సంఘానిది. మైకుల సంగతీ అంతే. స్పీకరు హోరులో తన గొంతు తనకే వినపడకపోతే ఎవరు మాత్రం ఎంతసేపు పాడతారు?

ఇక పాటల సంగతి. బందరులో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు 1841లో పని మొదలుపెట్టారు. వాళ్ల వెంట ఇంగ్లీషు రాగాలూ వచ్చాయి. మా పెద్దవాళ్ల నోట నిలిచినవి మాత్రం పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు పల్లవి, చరణాలుగా కట్టిన కీర్తనలు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. వాటిని ఎవరూ చూడరు. పెద్దవాళ్లకు పాటంటే నంబరు, కుర్రవాళ్లకు యూట్యూబ్.

ఆ తాళం దగ్గరే కీబోర్డుకూ డోలక్‌కూ చిక్కు. మిశ్రచాపు తాళానికి ఏడక్షరాలు. కీబోర్డులో తయారుగా ఉండే రిథమ్‌లు ఎక్కువగా నాలుగు లెక్కవి, కాదంటే మూడు. పాటను తెచ్చి ఎనిమిదిలో ఇరికిస్తే చరణం చివరి మాట సాగిపోతుంది. డోలక్ వాయించే తాతయ్య తాళం పేరు చెప్పలేడు గానీ చెయ్యి ఎక్కడా తప్పదు. చాపు పాట వస్తే ఆయన్నొక్కణ్నే వాయించమంటాను.

తెర మీద పాట వేయమని యూత్ గోల. వేశాం, తప్పులేదు. అయినా పాడించేవాడు చరణం ముందుగా ఒక్కో ముక్కా అందించే పాత పద్ధతి వదల్లేదు. చదువు రాని పెద్దమ్మా, కళ్లజోడు మరిచిపోయిన లెక్కల మాస్టారూ దానివల్ల అందరితో సమానంగా పాడగలరు.

పోయిన కూడికకు కీబోర్డు కుర్రాడు ఏడక్షరాల లూప్ తానే చేసి తెచ్చాడు. తాతయ్య చెవి ఒగ్గి విని, "బాగుంది గానీ, కాస్త పరుగు తగ్గించరా అబ్బాయ్" అన్నాడు. తగ్గిస్తున్నాడు.